చనిపోయినవాళ్లకు నవ్వు దిద్దే పని

మద్రాసులో చెడ్డవాళ్లెవరూ చావరు. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగం నాకు నేర్పిన మొదటి సంగతి ఇది. అక్కడి చూలై పేటలో ఒక ఫోటో స్టూడియోలో నేను టచింగ్ ఆర్టిస్టుని. ఎవరైనా పోతే ఇంట్లోవాళ్లు పాత ఫోటో ఒకటి వెతికి తెస్తారు. దాన్ని పెద్దది చేసి, మరకలు తీసి, ముఖం దిద్ది, ఫ్రేములోకి ఎక్కించడం నా పని. నా చేతి మీదుగా వెళ్లినవాళ్లలో తాగుబోతు లేడు, కోపిష్ఠి లేడు, కోడల్ని సాధించిన అత్త లేదు. అందరూ చల్లని చూపుతో, పెదవి చివర చిన్న నవ్వుతో గోడలెక్కారు. ఆ చూపులూ ఆ నవ్వులూ చాలావరకు నేను గీసినవే.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు పెన్సిలు చెక్కుకోనక్కర్లేదు. ఫోన్‌లో ఒకచోట నొక్కితే పోయిన తాత రెప్పలార్పుతాడు, తల ఊపుతాడు, కొంచెం ఓపిక పడితే మాట్లాడతాడు కూడా. మొన్న మా వీధిలో పోయిన ఒక పెద్దాయన ఫోన్‌లోంచి "అందరూ బాగున్నారా?" అని అడిగాడు. బతికున్నన్నాళ్లూ ఆయన ఆ మాట ఎవర్నీ అడిగి ఎరగడు. ఇంట్లో వాళ్లు మాత్రం "అచ్చం ఆయన గొంతే" అని కళ్లు తుడుచుకున్నారు. పనిముట్టు మారింది కానీ పని అదే. అందుకని, నేను చూసినవి నాలుగు చెప్తాను. జీతాల గురించీ సన్మానాల గురించీ చెప్పను, చెప్పుకోదగ్గవి ఏమీ లేవు.

మొదలాళి సూత్రం

మా స్టూడియో యజమాని పేరు చెంగల్రాయుడు. మద్రాసు అలవాటు ప్రకారం మేమంతా మొదలాళి అనేవాళ్లం. ఎవరింట్లో చావు జరిగినా పలకరించడానికి అందరికన్నా ముందు వెళ్లేవాడు. నిజంగానే బాధపడేవాడు. ఆ బాధలోనే గోడ మీద ఎంత ఖాళీ ఉందో, ఏ సైజు ఫ్రేము పడుతుందో కంటితో కొలిచి వచ్చేవాడు.

నేను చేరిన కొత్తలో ఒక ముసలాయన ఫోటో నా చేతికి వచ్చింది. బుగ్గ మీద శనగగింజంత పులిపిరి. ఉన్నది ఉన్నట్టు గీయడమే కళ అని మిషన్ స్కూల్లో డ్రాయింగ్ టీచరమ్మ నేర్పింది కాబట్టి, దాన్ని భక్తిగా అలాగే ఉంచాను. మొదలాళి ప్రింటును వెలుతుర్లో పట్టుకుని చూసి, నా వైపు జాలిగా చూశాడు.

"ఇదేందమ్మా సుగుణా?"

"పులిపిరి, మొదలాళీ. ఆయనకు ఉండాది."

"ఉండాదని నాకూ తెలుసు. ఆయన్ని కాల్చినప్పుడు అదీ కాలిపోయె. మళ్లీ నువ్వెందుకు దాన్ని పుట్టిస్తా ఉండావు? ఇనుకో. చచ్చినోడు మన కస్టమరు కాదు. ఏడ్చేవాళ్లు మన కస్టమర్లు."

ఆ మాట ఆయన వీధంతా చెప్పుకునేవాడు. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాట మీద నడిచింది. హిందువులకు నుదుట విభూతి, మావాళ్లకు చేతిలో బైబిలు, అందరికీ ముడతల్లేని బుగ్గలు. కొందరికి బతికుండగా తీసిన ఫోటోనే ఉండేది కాదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీసింది ఒక్కటి తెచ్చేవాళ్లు. అప్పుడు ముక్కులో దూది తీసేసి, దవడ కట్టు విప్పి, మూసిన కళ్లు తెరిపించాలి. చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. నేను గీసిన కళ్లు చారెడుకు ఏమాత్రం తగ్గినా ఫోటో తిరిగొచ్చేది.

ఒకసారి హడావుడిలో మొదలాళే రెండు ఫ్రేములు తారుమారు చేసి ఇచ్చి వచ్చాడు. చూలై వాళ్ల తాత జార్జి టౌన్‌కి, జార్జి టౌన్ వాళ్ల తాత చూలైకి వెళ్లారు. రెండిళ్లలోనూ మాలలు పడ్డాయి, దీపాలు వెలిగాయి. మాకు తెలిసి పరుగెత్తేసరికి కర్మకాండలు కూడా అయిపోయాయి. జార్జి టౌన్ ఇంటి పెద్దకోడలు, "ముక్కు కొంచెం తేడాగా ఉండాదే అనుకున్నా. పోయినాక మొహంలో మార్పొస్తాది గదా అని ఊరుకున్నా" అంది. చూలై వాళ్లు అసలు మార్చుకోవడానికే ఒప్పుకోలేదు. "అలవాటైపోయినాడు, ఈయనే బాగుండాడు" అన్నారు. చేసేదిలేక జార్జి టౌన్ వాళ్లకు ఇంకో కాపీ వేసిచ్చాం. వాళ్ల తాత ఇప్పటికీ రెండిళ్లలో పూజలందుకుంటున్నాడు.

కోటు

స్టూడియోలో ఒక నల్ల కోటు ఉండేది. పాత బట్టల అంగట్లో కొన్నది. ఎడమ మోచేతి దగ్గర చిరుగు, మూడో బొత్తాం లేదు. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లకు తొడిగేవాళ్లం. రాకుండా పోయినవాళ్లకు దాన్ని చూసి నేను గీసేదాన్ని. ఈ పక్క తెలుగువాళ్ల పూర్వీకుల్లో సగం మంది ఆ ఒక్క కోటులోనే స్వర్గానికి వెళ్లారు.

కొన్నాళ్ల కిందట ఒక పెళ్లిలో తెలిసినవాళ్ల అబ్బాయి కనిపించాడు. మే నెల, మండపంలో ఏసీ పనిచేయడం లేదు. అబ్బాయి మాత్రం నల్లకోటు వేసుకుని చెమటలు కారుస్తూ నిలబడ్డాడు.

"తీసెయ్ నాయనా, ఉడికిపోతా ఉండావు" అన్నాను.

"లేదు ఆంటీ, మా ఫ్యామిలీలో కోటు అలవాటు. మా తాత దొరల కాడ పెద్ద ఆఫీసరు గదా, ఇంట్లో ఫోటో ఉండాది" అన్నాడు.

ఆ తాత నాకు తెలుసు. కార్పొరేషన్ కుళాయిలు బాగుచేసేవాడు. బనియనుతో ఉన్న ఫోటో తెచ్చిస్తే కోటు వేసింది నేను, మూడో బొత్తాం గీసింది నేను. కానీ అబ్బాయి ఆ కోటు కింద పెరిగాడు. ఎవరి ముందూ చేతులు నలుపుకోడు, ఇంగ్లీషు మాట్లాడాలంటే తడబడడు, మంచి ఉద్యోగం తెచ్చుకున్నాడు. మనిషి తన జ్ఞాపకాల మీద నిలబడతాడంటారు. ఈ అబ్బాయి నా బ్రష్షు మీద నిలబడ్డాడు. పునాది అబద్ధమైనా ఇల్లు గట్టిగానే ఉంది కదా అనుకుని, నోరు మూసుకుని ఐస్‌క్రీం తిన్నాను.

అన్ని దిద్దుళ్లూ అలా ఎవరికీ నొప్పి లేకుండా పోవు. కొన్నిటికి కావలసిన గుడ్డను పక్కవాళ్ల ఒంటి మీది నుంచి లాగి కుడతాం. అది నాకు కుప్పమ్మత్త చెప్పేదాకా తెలియదు.

మునిరత్నం నవ్వు

మునిరత్నం జార్జి టౌన్‌లో మిరపకాయల మండీలో మూటలు దించే కూలీలకు మేస్త్రీ. కుప్పమ్మత్త ఆయన భార్య. ఆ "అత్త" చుట్టరికం కాదు, వీధి వరస. వాళ్లిల్లు మా స్టూడియోకి రెండు వీధుల అవతల. మునిరత్నం పోయిన తర్వాతి వారం పిల్లలు ముగ్గురూ స్టూడియోకి వచ్చారు. పెద్దవాడు శేఖర్ ఎన్నూరులో క్రేను నడుపుతాడు. తర్వాతివాడు బాబు. ఆఖరిది వసంత, ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

శేఖర్ కూర్చోగానే కుర్చీని పక్కకు తిప్పుకున్నాడు. "ఈ పక్కనించి మాట్లాడక్కా. ఎడమ చెవి ఇనపడదు. చిన్నప్పుడు ఎన్నూరు సముద్రంలో దూకినా, నీళ్లు పోయి చెడిపోయింది" అన్నాడు నవ్వుతూ. ఎన్నోసార్లు చెప్పి నున్నగా అరిగిన మాట అది.

వాళ్ల దగ్గరున్నది ఒక్కటే ఫోటో. ఆయుధపూజ నాడు చేతిబళ్లకు అరటిపిలకలు కట్టి, పసుపూ కుంకుమా పెట్టి, మండీ కూలీలంతా కలిసి దిగింది. మునిరత్నం చివర్న ఉన్నాడు. కనుబొమల మధ్య నిలువుగా లోతైన మడత, ఎడమ కన్ను చిన్నగా, మూతి ఒక పక్కకు లాగి ఉంది. ఫోటో తీసేవాణ్ణి ఆ తర్వాత కొట్టాడేమో అనిపించే చూపు.

"ఇది నాయన మాదిరి లేదక్కా" అన్నాడు శేఖర్. "ఎండకి అట్టా ఉండాడు. నాయన కళ్లు పెద్దవి. దయగా చూస్తాడు."

"నవ్వు మొహం" అన్నాడు బాబు.

వసంత మాత్రం గోడకున్న పెళ్లి ఫోటోలు చూస్తూ కూర్చుంది.

స్టూడియోకి అప్పుడే కంప్యూటర్ వచ్చింది. మొదలాళి దానికి ఆయుధపూజ చేసి, పని మాత్రం నా బ్రష్షుతోనే చేయించేవాడు. నేను గ్రూపులోంచి మునిరత్నం ముఖాన్ని పెద్దది చేసి కూర్చున్నాను. మొదటిసారి కనుబొమల మధ్య మడత తీసేశాను. చూడ్డానికి వచ్చిన బాబు అవునంటూ తలూపి, "ఆమా, నాయనకు కోపమే రాదు గదా" అన్నాడు. రెండోసారి పెదవి చివర కొంచెం పైకెత్తాను. "గుర్తుండాదా రా, నాయన ఎట్టాంటి జోకులేస్తా ఉండె!" అన్నాడు శేఖర్. బాబుకి వెంటనే ఒక జోకు గుర్తొచ్చి చెప్పాడు. అది ఆ వారం టీవీలో వచ్చిన జోకే. ఇద్దరూ పడి పడి నవ్వారు.

కళ్లు చారెడు చేసిన రోజున శేఖర్ చాలాసేపు ఆ ఫోటో ముందు నిలబడిపోయాడు. నాన్న తనను భుజాల మీద ఎక్కించుకుని బీచికి తీసుకెళ్లాడనీ, జనంలో తప్పిపోతానని కాళ్లు గట్టిగా పట్టుకున్నాడనీ చెప్తూ ఏడ్చాడు. అది జరిగే ఉండొచ్చు. ఆ ఏడుపు మాత్రం నిజం, దాన్ని నేను ఎగతాళి చేయను. కానీ ఒకటి గమనించాను. నేను బ్రష్షును ఎటు తిప్పితే వాళ్ల చిన్నతనం అటు తిరుగుతోంది. నవ్వు పెట్టాక నవ్విన రోజులు దొరికాయి, మడత పోయాక ఆ మడత పడిన రోజులు పోయాయి.

ఫ్రేము తీసుకెళ్లే రోజున కుప్పమ్మత్తను కూడా తీసుకొచ్చారు. పొట్టి మనిషి, గట్టి మనిషి. వీధి పంపు దగ్గర ఆమె బిందె పెట్టిన చోట ఇంకొకరు బిందె పెట్టేవాళ్లు కాదు. మొదలాళి ఫ్రేము మీది గుడ్డ తీశాడు. ఆమె తదేకంగా చూసింది.

"ఎవురీయన?"

"నాయనమ్మా!" అన్నాడు శేఖర్.

"మీ నాయనా?" ఆమె దగ్గరికి వచ్చి, తల వంచి మళ్లీ చూసింది. "ముందే ఈయన్ని చూపించింటే ఈయన్నే చేసుకుందును గదరా."

అందరం నవ్వాం. మొదలాళి అందరికన్నా గట్టిగా నవ్వి, ఫ్రేమును పేపర్లో చుట్టిచ్చాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఇంకొంచెం కోపం

ఆ ఏడాది గడవకముందే ఒక మధ్యాహ్నం కుప్పమ్మత్త ఒంటరిగా వచ్చింది. ఆయుధపూజ ఫోటో కొంగులో చుట్టి తెచ్చింది.

"మే సుగుణా, ఈ గుంపులో ఉండే మొహం నాకు గావాల. ఇదే మొహం."

"ఏంటికమ్మా? లక్షణమైన ఫోటో ఉండాది గదా ఇంట్లో" అన్నాడు మొదలాళి.

"దాంతోనే వచ్చింది తంటా." ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నిన్న పెద్దోడు ఏమన్నాడో తెలుసా? 'నాయన్ని నువ్వే సుఖంగా ఉండనీలేదు, పొద్దస్తమానం నోరేసుకుని పడతా ఉంటివి' అన్నాడు. ఆ ఫోటో చూస్తా అన్నాడు. చిన్నోడు ఆమా అన్నాడు. నేను వాళ్లనేమీ అనను. ఆ మొహం చూస్తే ఎవురైనా అదే అంటారు. అంత సల్లంగా నవ్వేవాడి మీద అరిచిందంటే, అరిచినదే రాచ్చసి."

మొదలాళి ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వాడి చెవి సముద్రంలో పోలా. ఆయన తాగొచ్చి నన్ను కొట్టబోతే, పసిపిల్లోడు, అడ్డమొచ్చినాడు. ఆయన చెయ్యి వాడి చెవి మీద పడింది. నెత్తురు కారతా ఉంటే వాణ్ణి సంకలో ఏసుకుని జీహెచ్ ఆస్పత్రికి పరిగెత్తింది నేను. ఎవురన్నా అడిగితే సముద్రం అని చెప్పమని నేర్పించింది కూడా నేనే, నాయనకి చెడ్డపేరని. ఇప్పుడు వాడికి అదే నిజమైపోయె. మే, ఆయన మంచోడైతే మంచిదే, నాకేం. మరి నేనెవుర్ని? ఇన్నేళ్లు నేను సుమ్మా, ఊరికే ఏడ్చినానా?"

మొదలాళి గొంతు సవరించుకుని, "ఆ పిల్లోళ్లు చూస్తే బాధపడతారమ్మా, మాకు వాళ్లే గదా..." అన్నాడు.

"ఏడ్చేవాళ్లే మీ కస్టమర్లని వీధంతా చెప్తా ఉంటావే. వాళ్లు ఆయన పోయినాక ఏడ్చినారు. నేను ఆయన ఉండంగానే ఏడ్చినా. నేను ముందు కస్టమర్ని."

మొదలాళికి తన సూత్రం తనకే ఎదురు తిరగడం అదే మొదటిసారి. "చేసియ్యి సుగుణా" అని, చొక్కా తగిలించుకుని టీ అంగడికి వెళ్లిపోయాడు.

మేమిద్దరమే మిగిలాక అడిగాను. "చూస్తే ఇంకా బాధ గదా అత్తా? ఆ మొహం మళ్లీ ఎందుకు?"

"కొట్టింది ఆ మొహమే మే. నాకు పచ్చకామెర్లొచ్చి పడిపోతే, అంతమంది ఆడోళ్ల మధ్యలో సిగ్గిడిచి పంపుకాడ నిలబడి నీళ్లు మోసింది కూడా ఆ మొహమే. మీ ఫ్రేములోవాడు ఈ రెండిట్లో ఒకటీ చెయ్యలా. వాడితో నేనేం మాట్లాడేది?"

నేను పని మొదలుపెట్టాను. చిన్న ముఖాన్ని పెద్దది చేస్తే గీతలన్నీ పలచబడతాయి, కోపం కూడా కరిగిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టాలంటే చేత్తో గీయాలి. అన్నేళ్లుగా మడతలు చెరిపినదాన్ని, మొదటిసారి కూర్చుని మడత గీశాను. ఆమె నా పక్కనే కూర్చుని చూసింది.

"ఇంకొంచెం కోపం వెయ్యి."

వేశాను.

"అది చాలదు. మండీలో జీతం కోసినప్పటి కోపం అది. ఇంటికొచ్చినప్పటిది ఇంకా ఉంటాది. ఎడమ కన్ను చిన్నది చెయ్యి."

చేశాను. మూతి పక్కకు లాగాను. కనుబొమల మధ్య ఇంకొక్క గీత పెట్టేసరికి కుప్పమ్మత్త భుజం వెనక్కి ముడుచుకుంది. చెయ్యి ముఖానికి అడ్డం పోబోయి ఆగింది. ఇంక దిద్దనక్కర్లేదని నాకు తెలిసిపోయింది. ఆమె లేచి నిలబడి ఫోటోను చూసింది. ఇప్పుడు ఏదో పెద్ద తిట్టు వస్తుందనుకున్నాను.

"ఇప్పుడా వచ్చేది?" అంది దాంతో.

ఆ గొంతులో కోపముంది, అన్నం మూతపెట్టి ఎదురుచూసిన అలుపుంది, ఇంకేదో కూడా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నీళ్లు పడితే ప్రింటు పాడవుతుందని పక్కకు తిరిగి ఏడ్చాను.

ఆ ఫోటోను ఆమె బీరువా తలుపుకి లోపలి పక్క టేపుతో అంటించుకుంది. తర్వాత కూరగాయల అంగట్లో కనపడినప్పుడు ఎలా ఉన్నావని అడిగితే, "గోడమీదోడికి మాల, బీరువాలోవాడికి తిట్లు. పొద్దున్నే చీర తీసుకునేటప్పుడు నాలుగు తిట్టి తలుపేస్తాను. ఇద్దరు మొగుళ్లతో బాగానే ఉండాను మే" అంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. మడత చెరపండి, తప్పులేదు, అందుకే మనకు జీతం. చెరిపేముందు ఆ మడత ఎవరిని చూసినప్పుడు పడేదో అడగండి. వాళ్లు ఇంకా బతికే ఉండొచ్చు.

కర్మాంతరం

నేను రిటైరయ్యే ముందు కుప్పమ్మత్త మళ్లీ వచ్చింది. ఈసారి తన ఫోటో తీయించుకోవడానికి.

"నేను పోయినాక వీళ్లు నీకాడికే వస్తారు, లేకుంటే ఇంకోడి కాడికి పోతారు. నా మొహం మీద ఎవురి పెన్సిలూ పడకూడదు. ఉండేది ఉండేటట్టు తియ్యి."

అలవాటు కొద్దీ "కొంచెం నవ్వత్తా" అన్నాను. పంపు దగ్గర వరస తప్పి వచ్చినదాన్ని చూసినట్టు కెమెరాను చూసింది. అదే పడింది. ఆ ప్రింటును ఇద్దరు కొడుకుల ముందే వసంత చేతికిచ్చి, ఇదే పెట్టాలని ముగ్గురి చేతా ఒట్టు వేయించుకుంది.

మా స్టూడియో ఇప్పుడు ఫ్లెక్స్ బ్యానర్ల అంగడి అయింది. మొదలాళి కూడా గోడెక్కాడు. ఆయన సూత్రం ప్రకారమే మెడ కొంచెం పొడుగు చేసి పంపాను.

కుప్పమ్మత్త పోయినేడు పోయింది. చూడ్డానికి వెళ్తే శేఖర్ ఫోన్ తీసి చూపించాడు. "చూడక్కా, మనవడు చేసినాడు. అమ్మ నవ్వతా ఉండాది." ఫోన్లో కుప్పమ్మత్త రెప్పలార్పింది, తల వంచింది, తెల్లటి పళ్లన్నీ చూపించింది. తమలపాకుతో ఎర్రబడి, ముందు రెండు ఊడిపోయిన పళ్లు ఆమెవి. వసంత ఆ ఫోన్ వైపు కూడా చూడలేదు. అమ్మ ఇచ్చిన ప్రింటునే ఫ్రేము కట్టించింది. ఒట్టు వేసినవాళ్లు కాబట్టి అన్నదమ్ములు ముఖాలు మాడ్చుకుని ఊరుకున్నారు.

కర్మాంతరం నాడు భోజనానికి వెళ్లాను. హాల్లో రెండు ఫోటోలూ పక్కపక్కన ఉన్నాయి. మునిరత్నం చారెడు కళ్లతో చల్లగా నవ్వుతున్నాడు. కుప్పమ్మత్త కళ్లు చిట్లించి, పెదవులు బిగించి ఎదురుగా చూస్తోంది. నా పక్క ఆకు ముందు శేఖర్ కూతురి ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి కూర్చుంది. గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చిందట.

"తాతగారు ఎంత సౌమ్యంగా ఉన్నారండీ!" అంది నాతో. తర్వాత పక్క ఫోటో చూసి గొంతు తగ్గించింది. "మామ్మగారు కొంచెం గట్టి మనిషేమో కదా? పాపం, ఆయన ఎలా వేగారో."

ఆ పిల్ల మాటలో ఏ కల్మషమూ లేదు. ఆ రెండు ముఖాలూ పక్కపక్కన చూస్తే నేనైనా అదే అనేదాన్ని. కుప్పమ్మత్త దేనికి భయపడి నా దగ్గరికి వచ్చిందో అదే జరిగింది. తన ముఖం మీద అబద్ధం పడనివ్వలేదు ఆమె. పక్కనే నేను గీసిన అబద్ధం నవ్వుతూ నిలబడి, ఆమె నిజాన్నే నేరం చేసింది. చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాను.

ఎదురు వరసలో వడ్డిస్తున్న శేఖర్ ఆ పిల్ల మాట విన్నాడు. కుడి పక్క నుంచే వచ్చింది మరి. "నిజమేనమ్మా" అన్నాడు మెత్తగా. "అమ్మతో నాయన శానా ఓర్చుకున్నాడు."

వసంత సాంబారు బకెట్టు పట్టుకుని మా వెనకే ఉంది. ఆ మాట వినగానే బకెట్టు కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. టేపు పీకిన చప్పుడు కూడా వినపడింది. బయటికి వచ్చి, మూలలు చిరిగిన ఒక ఫోటోను కుప్పమ్మత్త ఫ్రేము కింద, దీపం పక్కన, గోడకు ఆనించి నిలబెట్టింది.

గుంటూరు అమ్మాయి తల ఎత్తి ఆ ఫోటో వైపు చూసింది. శేఖర్ కూతురు "యారిదు?" అని, ఇదెవరని అరవంలో అడిగింది. బాబు చూసి తల దించుకుని, ఆకులో ఉన్నదాన్ని కలుపుతూ ఉండిపోయాడు.

"ఎవురే ఇది?" అన్నాడు శేఖర్.

వసంత బకెట్టు అందుకుని పక్క వరసకు వెళ్లింది. శేఖర్ ఇంకా ఆ కనుబొమల మధ్య మడత వైపే చూస్తున్నాడు. అతని చెయ్యి మెల్లగా లేచి, ఎడమ చెవిని కప్పుకుని, అక్కడే ఉండిపోయింది.